గాలిని దాచబోయి బియ్యాన్ని దాచాం: సరిహద్దు జిల్లాలో ఒక రైసు మిల్లు కేసు

ఈ కేసు రాయడానికి మిల్లు యజమాని ఒకే షరతు మీద ఒప్పుకున్నారు. ఊరి పేరు, మిల్లు పేరు ఎక్కడా రాకూడదు. కాబట్టి వంశధారకు దగ్గరలో, ఒడిశా వైపు, గజపతి-రాయగడ జిల్లాల్లో ఎక్కడో అనుకోండి. మూడు తరాలుగా అక్కడ ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, మండీలో ఒడియా, హమాలీలతో సవర మాటలు నాలుగు. కొలతలు మీటరు నుంచీ స్టాప్‌వాచ్ నుంచీ తీసినవే. మిల్లును గుర్తుపట్టించేలా ఉన్న ఒకటి రెండు అంకెల్ని మాత్రం కాస్త అటూ ఇటూ సవరించాను.

నేను ఎనర్జీ ఆడిటర్ని, కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కొలిచి చెబుతాను. మిల్లులు, జీడిపప్పు ఫ్యాక్టరీలు, చల్లని గిడ్డంగులు, ఇవే నా పని. ఈ కేసులో మొదటి తప్పు నాదే. అది కూడా రాయకపోతే ఈ కేసు చెప్పి లాభం లేదు.

నేపథ్యం

ఉప్పుడు బియ్యం మిల్లు. గంటకు దాదాపు నాలుగు టన్నుల వడ్లు ఆడుతుంది. గోడౌన్ రేకుల మీద 60 కిలోవాట్ల సోలార్. బియ్యంలో నల్లగింజ, పసుపుగింజ ఏరడానికి కలర్ సార్టర్ ఉంది. ఏ కంపెనీదైనా మిల్లుల్లో దాన్ని సార్టెక్సనే అంటారు. దానికి గాలి ఇవ్వడానికి 20 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్, వెయ్యి లీటర్ల గాలి ట్యాంకు ఉన్నాయి.

సార్టెక్స్ చూడనివాళ్ల కోసం ఒక మాట. బియ్యం జారుడుబల్లల మీద పల్చగా జారుతుంది, కెమెరా ప్రతి గింజనూ చూస్తుంది, రంగు తేడా ఉన్న గింజ కనబడగానే ఒక చిన్న వాల్వు తెరుచుకుని గాలి దాన్ని పక్కకు ఊదేస్తుంది. కెమెరాకు, కంప్యూటరుకు, వాల్వులకు కలిపి మూడు కిలోవాట్ల కరెంటు చాలు. ఎక్కువ తినేది ఊదే గాలే. ఆ గాలి తయారు చేయడానికి కంప్రెసర్ 15 కిలోవాట్లు లాగుతుంది. ఈ నిష్పత్తి గుర్తుంచుకోండి, కేసంతా దీని మీదే తిరుగుతుంది.

అడిగిన ప్రశ్న

2024 జూన్‌లో యజమాని ఫోన్ చేశారు.

"ఏటండి బాబూ ఇది? నెత్తి మీద ఎండ మండిపోతంది, రేకుల మీద పేనెల్లున్నాయి, లైను పోతే సోలారు కూడా ఆగిపోతంది. మరెందుకండీ అంత డబ్బెట్టింది?"

సోలార్ పెట్టించుకున్న ప్రతి మిల్లులోనూ ఈ ప్రశ్న వింటాను. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు లేకపోతే తనంతట తానే ఆగిపోవాలి. స్తంభం ఎక్కి తీగ ముడివేస్తున్న లైన్‌మన్‌కు మన రేకుల మీది కరెంటు తగలకూడదని ఆ ఏర్పాటు. అమ్మినవాళ్లు ఆ సంగతి ముందు చెప్పరు. కొండల మీదుగా, చెట్ల మధ్య నుంచి వచ్చే ఫీడరు కావడంతో గాలివాన వస్తే రోజుకు నాలుగైదు సార్లు ట్రిప్పవుతుంది. ఒక్కోసారి రెండు నిమిషాలు పోతుంది, ఒక్కోసారి రెండు గంటలు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు రోజుల తరబడి డీజిలు మీదే నడిపారట. అప్పటి నుంచి "కరెంటు దాచుకోవాలి" అన్నది ఆయనకో పట్టుదల.

ఫోన్ చేయడానికి రెండు వారాల ముందు ఒక ఏజెంటు వచ్చాడు. చైనాలో పెద్ద ప్లాంటు వీడియో చూపించి, "గాలి బ్యాటరీ, ముప్పై ఏళ్ల గ్యారంటీ, లిథియం అక్కర్లేదు" అన్నాడు. మిగులు కరెంటుతో గాలిని నొక్కి దాచడం, కావలసినప్పుడు ఆ గాలితో మోటారు తిప్పి మళ్లీ కరెంటు తీయడం, ఇదీ పద్ధతి. యాభై లీటర్ల సిలిండర్లు నలభై, 200 బార్ ఒత్తిడి (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు), ఒక బూస్టర్ కంప్రెసర్, గాలి మోటారుకు తగిలించిన ఆల్టర్నేటర్. "యాభై యూనిట్ల స్టోరేజీ" అని కాగితం మీద రాసిచ్చాడు. యజమాని ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు. ఇవ్వాలా వద్దా అన్నదే నన్నడిగిన ప్రశ్న.

రెండో బాధ ఒకటుంది, దాన్ని ఆయన ఫోన్‌లో చెప్పలేదు. మిల్లుకు వెళ్లాక గుమాస్తా చెప్పాడు. అంతకుముందు సీజనులో ఒక లోడు బియ్యం నల్లగింజ ఎక్కువైందని వెనక్కి వచ్చింది. అసలు కేసు ఇదేనని నాకప్పుడు తట్టలేదు.

వీడియోలో ఉన్నది నిజమే

ఏజెంటు చూపించినదాన్ని మోసమని కొట్టిపారేయడం తేలిక. కానీ వీడియోలో ఉన్నది నిజం. సెల్ఫీ స్టిక్కుతో తీసిన ఆ వీడియో షాన్‌డోంగ్ రాష్ట్రంలోని ఫేచెంగ్ ప్లాంటుది. 300 మెగావాట్లు, 1800 మెగావాట్ అవర్లు (18 లక్షల యూనిట్లు), 2024 ఏప్రిల్ చివర్లో గ్రిడ్‌కు కలిసింది. పెట్టిన కరెంటులో 72 శాతం తిరిగి వస్తుందని కట్టినవాళ్ల లెక్క.

ఈ సాంకేతికం కొత్తదేమీ కాదు. జర్మనీలో హుంటోర్ఫ్ అనే చోట 1978లోనే 290 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. భూమి లోపలి ఉప్పు పొరలో నీళ్లు పంపి ఉప్పును కరిగించి, మూడు లక్షల ఘనమీటర్లకు పైగా ఖాళీ చేసి, అందులో గాలి నింపుతారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మెకింటోష్‌లో 1991లో 110 మెగావాట్లది వచ్చింది. ఆ తరువాత దాదాపు ముప్పై ఏళ్లు ఆ స్థాయిలో మూడోది రాలేదు. వేడి దగ్గరే ఇరుక్కున్నారు.

సైకిలు పంపు కొడితే అడుగు భాగం వేడెక్కడం అందరికీ తెలిసిందే. గాలిని నొక్కితే మనం పెట్టిన పనిలో పెద్ద వాటా వేడిగా మారుతుంది. 27 డిగ్రీల గాలిని వేడి బయటికి పోనివ్వకుండా ఎనిమిదింతల ఒత్తిడికి నొక్కితే లెక్క ప్రకారం 270 డిగ్రీలకు చేరుతుంది. అదే గాలిని తిరిగి వదిలితే అంతగానూ చల్లబడుతుంది. ఇంట్లో వేడి పోగొట్టుకుని బయటి వేడి అప్పు తెచ్చుకోవలసి వస్తుంది. హుంటోర్ఫ్‌లో ఆ అప్పు తీర్చడానికి సహజవాయువు మండించారు. మొత్తం సామర్థ్యం 42 శాతం దగ్గర నిలిచింది. మెకింటోష్‌లో పొగగొట్టంలోంచి పోయే వేడిని వెనక్కి తిప్పి 54కు తెచ్చారు.

ఇప్పుడు వచ్చిన మార్పు ఇక్కడే. నొక్కేటప్పుడు పుట్టిన వేడిని పారేయకుండా వేరే ట్యాంకుల్లో దాచి, గాలి వదిలేటప్పుడు తిరిగి దానికే ఇస్తున్నారు. గ్యాస్ మండించే పని లేదు. చైనాలో 2022లో జియాంగ్సులోని జిన్‌తాన్‌లో 60 మెగావాట్లది, అదే ఏడాది జాంగ్‌జియాకౌలో 100 మెగావాట్లది ఇలా నడిచాయి. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని గోడ్‌రిచ్‌లో 2019లో ఇంకో ఉపాయం చేశారు. గుహను పైనున్న చెరువుతో కలిపి, గాలి తగ్గిన కొద్దీ నీరు దిగి ఒత్తిడి నిలకడగా ఉండేలా చూశారు. అది రెండు మెగావాట్లకు కూడా కొంచెం తక్కువే, అయినా ఆలోచన చక్కటిది.

యజమానికి ఇదంతా చెబితే ఆయన అడిగిన మాట బాగుంది: "మరైతే మన కొండల్లో గుహ తవ్వుకోలేమా?" మన తూర్పు కనుమల్లో ఉప్పు పొరలు లేవు. దేశంలో భూగర్భ ఉప్పు ఉన్నది రాజస్థాన్‌లో బికనీరు వైపు, హిమాచల్‌లో మండి దగ్గర. గట్టి రాయిలోనూ గుహలు తవ్వవచ్చు, విశాఖలో ముడిచమురు దాచిన గుహలు అలాంటివే. కానీ కొండా నీరూ రెండూ ఉన్న కోరాపుట్ ప్రాంతంలో రాయి తవ్వి గాలి నింపడం కన్నా మిగులు కరెంటుతో నీటిని పైకి ఎక్కించి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడమే చవక. దీన్నే పంప్డ్ స్టోరేజీ అంటారు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి చేస్తున్న పనికి అదొక మెట్టు పైది. ఎగువ ఇంద్రావతి దగ్గర 600 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఆలోచన అందుకే నడుస్తోంది. ఇదొక పక్కమాట. మిల్లుకు దీంతో పని లేదు.

సిలిండర్ల లెక్క

యాభై లీటర్ల సిలిండరంటే ఆస్పత్రి వరండాలో నిలబెట్టే పెద్ద ఆక్సిజన్ సిలిండరంత ఉంటుంది. 200 బార్ దగ్గర అందులోని గాలి నుంచి, ఏ నష్టమూ లేకుండా, పుస్తకం ప్రకారం పిండగలిగేది 1.2 యూనిట్లు. ఇంట్లో ఇన్వర్టర్ కింద పెట్టే 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక్కటి 1.8 యూనిట్లు పట్టుకుంటుంది. నలభై సిలిండర్లకు 48 వస్తాయి. అంటే ఏజెంటు రాసిన "యాభై యూనిట్లు" అబద్ధం కాదు, అదే చిక్కు. పైసా నష్టం లేని యంత్రం ఉంటే వచ్చే అంకెను ఏజెంటు నిజంగా చేతికొచ్చే అంకెలా రాశాడు.

చేతికొచ్చేది వేరు. సిలిండర్లలోని గాలిని వదిలితే దాదాపు 400 ఘనమీటర్ల మామూలు గాలి. చిన్న గాలి మోటారు 200 బార్‌ను తీసుకోలేదు, రెగ్యులేటర్‌తో ఆరు బార్లకు దించాలి. అలా దించినప్పుడే సగానికి పైగా శక్తి ఏ పనీ చేయకుండా పోతుంది. ఆ మోటార్లు ఒక హెచ్‌పీ ఇవ్వడానికి నిమిషానికి సుమారు ఒక ఘనమీటరు గాలి తాగుతాయి. అంటే 400 నిమిషాల పాటు ఒక హెచ్‌పీ. ఆల్టర్నేటర్ దాటాక నాలుగు యూనిట్లు. నింపడానికి? అంత ఒత్తిడికి నొక్కే చిన్న కంప్రెసర్లకు ఘనమీటరుకు 0.3 యూనిట్ల పైనే పడుతుంది. 120 పెట్టి నాలుగు తీసుకోవడం.

దానికి తోడు 200 బార్ సిలిండర్లకు 2016 గ్యాస్ సిలిండర్ నిబంధనలు, లైసెన్సులు, గడువుకో పరీక్ష. ఊక దుమ్ము ఎగిరే షెడ్డులో నలభై సిలిండర్లంటే నాకు గుండె దడ. అడ్వాన్సు ఇవ్వొద్దని రాసిచ్చాను. యజమాని విన్నారు. అక్కడితో నా ఫీజు తీసుకుని వచ్చేసి ఉంటే బాగుండేది.

నేను చేసిన తప్పు

ఆ వీడియోల మోజు నాకూ అంటుకుంది. ఎక్కువ ఒత్తిడి వల్లే ఇంత నష్టం కదా, మిల్లులో ఇప్పటికే ఉన్న ఎనిమిది బార్ గాలితోనే చేస్తే? కంప్రెసర్ ఉంది, మధ్యాహ్నం సోలార్ మిగులుతోంది, పాత ట్యాంకులు చవగ్గా దొరుకుతాయి. లైను పోయినప్పుడు గాలి మోటారుతో సార్టెక్స్ కంప్యూటరుకూ నాలుగు లైట్లకూ కరెంటిస్తే చాలు అనుకున్నాను. అంత చిన్న లోడే కదా అన్న ధీమా. లెక్క వేశాను, కానీ ఆశ ఉన్నవాడు వేసే లెక్క వేశాను.

విశాఖ నుంచి అయిదు ఘనమీటర్ల పాత ట్యాంకులు రెండు తెప్పించాం. ఒకటి నీటి పరీక్షలోనే పోయింది. పని చేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టగానే అడుగు వెల్డింగు దగ్గర చెమటలా నీరు పుట్టింది. రెండోది నిలిచింది. పాత వెయ్యి లీటర్లదానితో కలిపి ఆరు ఘనమీటర్లు. పాత ట్యాంకు కొనేవాళ్లకు చెప్పేదొకటే, గాలి పెట్టే ముందు నీరు పెట్టండి. నీటితో పగిలితే కాళ్లు తడుస్తాయి.

మొదటి వైఫల్యం రాత్రికే బయటపడింది. సాయంత్రం అయిదింటికి ఎనిమిది బార్‌కు నింపి, రాత్రి వాడుకుందామని వదిలేశాం. ముప్పావు గంటలో ముల్లు నాలుగు దగ్గరకు దిగింది. ఎవరూ గాలి వాడలేదు. లీకులు. అప్పుడు అది నాకో అడ్డంకిలా కనబడింది తప్ప సమాచారంలా కనబడలేదు. ట్యాంకు దగ్గర బాల్ వాల్వు పెట్టి మిగతా లైనును విడగొట్టి ముందుకు పోయాను.

రెండోది ఆగస్టులో. అయిదు వంద వాట్ల బల్బులు లోడుగా పెట్టి గాలి మోటారు తిప్పాం. పద్నాలుగో నిమిషంలో మోటారు మూలుగుతూ ఆగిపోయింది. గొట్టం చివర తెల్లగా మంచు పేరుకుంది. ఆగస్టులో, వంశధార ఒడ్డున, చొక్కా ఒంటికి అంటుకుపోయే ఉక్కలో మంచు! షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు దాన్ని గోటితో గీకి చూసి నవ్వుకున్నారు. వ్యాకోచించే గాలి చల్లబడుతుంది, అందులోని తేమ గడ్డకడుతుంది, మోటారు రెక్కలు ఇరుక్కుంటాయి. పెద్ద ప్లాంట్లు వేడిని దాచి వెనక్కి ఇచ్చేది దీనికే. నా దగ్గర ఆ వేడి కంప్రెసర్ ఫ్యాన్‌లోంచి ఎప్పుడో షెడ్డు బయటికి పోయింది.

గాలి డ్రయ్యర్ మధ్యలో పెట్టి మళ్లీ నడిపాం. ఈసారి 23 నిమిషాలు వెలిగాయి. అర కిలోవాటు, 23 నిమిషాలు, అంటే 0.19 యూనిట్లు. ఆ గాలి నింపడానికి కంప్రెసర్ మీటరులో తిరిగింది రెండున్నర యూనిట్లు. ఎనిమిది శాతం కూడా రాలేదు. ఒక సీలింగ్ ఫ్యాను రెండున్నర గంటలు తిరిగేంత కరెంటు కోసం ఏనుగంత ట్యాంకు.

యజమాని ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఆపరేటర్ మాట

సార్టెక్స్ ఆపరేటర్ కుర్రాడు పర్లాకిమిడిలో ఐటీఐ చేశాడు. బల్బులు ఆరిపోయాక కాసేపు తల గోక్కుని అన్నాడు: "సార్, అడగొచ్చో లేదో. గాలిని కరెంటు చేసి, ఆ కరెంటుతో సార్టెక్స్ నడపడమెందుకండి? ఆ గాలేదో సార్టెక్స్‌కే ఇచ్చీయొచ్చు గదా. దానికి కావల్సింది గాలే గదండీ."

అప్పుడు కూర్చుని వేశాను, నెల కిందట వేయాల్సిన లెక్క. సార్టెక్స్‌కు నిమిషానికి 1.2 ఘనమీటర్ల గాలి కావాలి. లోపల రెగ్యులేటర్ దాన్ని ఎలాగూ రెండు మూడు బార్లకు దించుకుంటుంది, కాబట్టి లైనులో ఎనిమిది నుంచి అయిదు దాకా పడిపోయినా దానికి తేడా లేదు. ఆరు ఘనమీటర్ల ట్యాంకులో మూడు బార్ల తేడా అంటే 18 ఘనమీటర్ల గాలి. పదిహేను నిమిషాల పని. అదే గాలిని కంప్రెసర్ అప్పటికప్పుడు తయారు చేయాలంటే 1.9 యూనిట్లు ఖర్చు. ఒకే ట్యాంకు. కరెంటుగా తీస్తే 0.19, గాలిగా వాడితే 1.9. పదింతలు.

చైనావాళ్లకు గాలిని మళ్లీ కరెంటు చేయక తప్పదు, ఎందుకంటే గ్రిడ్‌కు కావలసింది కరెంటు. వందల మెగావాట్ల టర్బైన్లు, పెద్ద వేడి ట్యాంకులు ఉంటే ఆ మలుపులో నష్టం తక్కువ. మనం గాలే వాడే చోట కూర్చుని, గాలిని కరెంటు చేసి, మళ్లీ గాలి చేయాలని చూశాం. నూనె గానుగ పక్కన కూర్చుని నూనెకు సంతకెళ్లినట్టు.

లీకులు

ట్యాంకు ముప్పావు గంటలో సగానికి దిగిపోయిన సంగతి అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. పరీక్ష తేలిక, ఖర్చు లేదు. రాత్రి మిల్లు ఆగాక అన్ని యంత్రాల గాలీ కట్టేసి, కంప్రెసర్‌ను మాత్రం నడపాలి. ఎంతసేపు లోడు మీద ఉందో, ఎంతసేపు ఖాళీగా తిరిగిందో స్టాప్‌వాచ్‌తో చూడాలి. 100 సెకన్లు లోడు, 230 సెకన్లు ఖాళీ. అంటే కంప్రెసర్ సత్తాలో 30 శాతం ఎవరికీ కాకుండా పోతోంది. నిమిషానికి 0.7 ఘనమీటర్ల పైన. అన్ని లీకులూ ఒక చోట చేర్చితే పెసరగింజంత రంధ్రం, మూడు మిల్లీమీటర్లు. అంత రంధ్రానికి దాదాపు నాలుగున్నర కిలోవాట్లు.

సబ్బునీళ్ల బకెట్టు, కుంచె పట్టుకుని ఆపరేటరూ నేనూ రెండు రాత్రులు తిరిగాం. ఎక్కువగా దొరికినవి: దుమ్ము ఫిల్టరు సంచుల పల్స్ వాల్వులు రెండు, ఎండకు చిట్లిన ప్లాస్టిక్ గొట్టాలు, క్లిప్పు బదులు బైండింగ్ వైరు చుట్టిన జాయింట్లు, పూర్తిగా మూసుకోని డ్రెయిన్ వాల్వు. బట్టల మీద దుమ్ము దులుపుకోవడానికి హమాలీలు వాడే బ్లో గన్ ఒకటి ఎప్పుడూ సన్నగా ఊదుతూనే ఉంది. అందరికీ ఆ శబ్దం అలవాటైపోయింది.

ఇంకొకటి. కంప్రెసర్ దగ్గర ఎనిమిది బార్లు ఎందుకు పెట్టారంటే సార్టెక్స్ దగ్గరకొచ్చేసరికి ఆరుకు పడిపోతోందట. పడిపోతోంది, ఎందుకంటే మధ్యలో అరంగుళం గొట్టం, ఎన్నాళ్లుగానో మార్చని ఫిల్టరు. గొట్టం ఒకటిన్నర అంగుళానికి మార్చి, కొత్త ఫిల్టరు పెట్టి, కంప్రెసర్‌ను ఆరున్నరకు దించాం. ఒత్తిడి ఒక బారు తగ్గిస్తే కరెంటు ఆరేడు శాతం తగ్గుతుంది. లీకులు కూడా తక్కువ ఊదుతాయి.

నల్లగింజ ఎక్కడి నుంచి వచ్చింది

లోడు ఎందుకు వెనక్కి వచ్చిందో సీజను మొదలయ్యాకే అర్థమైంది. లైను పోయినప్పుడు సార్టెక్స్ కంప్యూటరు యూపీఎస్ మీద నడుస్తూనే ఉంది. బియ్యాన్ని జార్చే వైబ్రేటరు కూడా యూపీఎస్ మీదే పెట్టారు, చోక్ కాకూడదని. కానీ కంప్రెసర్ ఆగిపోయింది. వెయ్యి లీటర్ల ట్యాంకులోని గాలి, లీకులతో సహా, ఒకటి రెండు నిమిషాల్లో అడుగంటుతుంది. ఆ తర్వాత కెమెరా నల్లగింజను చూస్తుంది, వాల్వు తెరుచుకుంటుంది, గాలి రాదు. నల్లగింజ మంచి బియ్యంలో పడుతుంది. జనరేటరు అందుకుని ఒత్తిడి మళ్లీ పెరిగేదాకా జరిగేది ఇదే, రోజుకు నాలుగైదు సార్లు. తెరమీద అంతా పచ్చగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

దీనికి పెట్టిన మందు మొత్తం కేసులోకి చవకైనది. సార్టెక్స్ ముందు ఒక ప్రెషర్ స్విచ్. ఒత్తిడి అయిదు బార్ల కన్నా తగ్గితే వైబ్రేటరు ఆగిపోతుంది. గాలి లేకపోతే గింజ జారదు. ఇక విశాఖ నుంచి తెచ్చిన ట్యాంకును సార్టెక్స్ పక్కకే మార్చి, దానికి మాత్రమే గాలి వెళ్లేలా చెక్ వాల్వు (గాలిని వెనక్కి పోనివ్వనిది) పెట్టాం. ఆరున్నర నుంచి అయిదుకు పడేలోపు ఆరు నిమిషాలు దొరుకుతాయి. జనరేటరు స్టార్టయ్యి కంప్రెసర్ లేవడానికి అది బోలెడు. అలా నా వైఫల్యపు ట్యాంకుకు ఒక ఉద్యోగం దొరికింది.

అసలు స్టోరేజీ

సోలార్ ప్రశ్న మిగిలే ఉంది. మధ్యాహ్నం మిగిలే కరెంటు ఏం చేయాలి?

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లి ఆలోచించాను. రాత్రికి దాచుకోవాలనుకున్నది కరెంటు కాదు, గాలి కాదు, చివరికి కావలసింది ఏరిన బియ్యం. సార్టెక్స్ మిల్లుతో పాటే రోజుకు పది గంటలు ఎందుకు నడుస్తోంది? పాలిషరు నుంచి వచ్చిన బియ్యం నిలవడానికి దాని ముందున్న బిన్ను ఒక్క టన్నుదే కాబట్టి. మిల్లు నడిస్తే సార్టెక్స్ నడవాలి. కానీ మిల్లు గంటకు రెండున్నర టన్నుల బియ్యమే ఇస్తుంది, సార్టెక్స్ నాలుగు ఏరగలదు. అంటే పది గంటలూ అది అరకొర పనిలోనే ఉంది. మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా కంప్రెసర్ ఖాళీగా తిరుగుతుంది. స్క్రూ కంప్రెసర్ ఖాళీగా తిరిగినా పూర్తి లోడులో మూడో వంతు దాకా లాగుతుంది.

మిల్లు వెనక వాడకుండా పడున్న పది టన్నుల ఇనుప బిన్నులు రెండున్నాయి. వాటిని బాగు చేయించి పాలిషరుకూ సార్టెక్స్‌కూ మధ్య పెట్టించాం. ఇప్పుడు మిల్లు తెల్లవారుజామున గానీ రాత్రి గానీ ఎప్పుడైనా ఆడవచ్చు. బియ్యం బిన్నులో ఆగుతుంది. సార్టెక్స్, కంప్రెసర్ మాత్రం పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి నాలుగు దాకా, ఎండ ఉన్నప్పుడు, పూర్తి సత్తాతో నడుస్తాయి. బిన్నులో బియ్యానికి మంచు పట్టదు, లీకు ఉండదు, లైసెన్సు అక్కర్లేదు.

యజమాని మొదట ఒప్పుకోలేదు. బిన్నులో వేడి బియ్యం నిలిస్తే చెమ్మ పట్టి గడ్డ కడుతుందని భయం. న్యాయమైన భయం. పాలిషరు తర్వాత ఒక ఫ్యాను పెట్టి చల్లార్చాక బిన్నులోకి ఎక్కించడం, ఒక రోజుకు మించి నిలవ ఉంచకపోవడం అని నియమం పెట్టుకున్నాం. మొదటి పదిరోజులు ఆయన రోజూ పొద్దున్నే బిన్నులో చేయి పెట్టి చూసుకున్నారు.

కంప్రెసర్ మీటరు అంతకుముందు రోజుకు సుమారు 140 యూనిట్లు చూపేది. 2024-25 సీజనులో 75 దగ్గరకు వచ్చింది, అందులో ఎక్కువ భాగం ఎండ వేళే. లోడు ఏదీ వెనక్కి రాలేదు. ఆ ఘనతంతా ప్రెషర్ స్విచ్‌కు ఇవ్వలేను. ఆ ఏడు కోతలప్పుడు వాన తక్కువ, వడ్లు బాగా ఆరి వచ్చాయి.

తీరనివి

లైను పోతే సోలార్ ఆగిపోవడం అలాగే ఉంది. జనరేటరుతో సోలార్‌ను కలిపి నడిపే కంట్రోలరు పెడితే డీజిలు తగ్గుతుందని చెప్పాను. "వచ్చే సీజనుకు చూద్దారండీ" అన్నారు. ఆ మాటకు ఈ వైపు అర్థం నాకు తెలుసు.

గాలి మోటారు ఆల్టర్నేటరుతో సహా నా షెడ్డులో ఉంది. 2025 జనవరిలో చైనాలో హుబెయి రాష్ట్రంలోని యింగ్‌చెంగ్‌లో పాడుబడ్డ ఉప్పు గనిలో కట్టిన 300 మెగావాట్ల ప్లాంటు పూర్తిస్థాయిలో మొదలైందని యజమానే నాకు వీడియో పంపారు. కింద ఒక మాట రాశారు: "వీళ్ల దగ్గర సార్టెక్స్ లేదనుకుంటానండి."

మూడు నెలలకోసారి స్టాప్‌వాచ్ పట్టుకుని లీకు కొలవాలని ఒప్పందం. డిసెంబరులో 6 శాతం ఉంది. మార్చిలో వెళ్లి కొలిస్తే 14. ఆపరేటరూ నేనూ మళ్లీ బకెట్టు పట్టుకున్నాం. కొత్తగా చేరిన కుర్రాడు ట్యాంకు కింద నీరు నిలవకుండా ఉండాలని డ్రెయిన్ వాల్వును సగం తిప్పి వదిలేశాడు, రోజూ వచ్చి తెరవడం బద్ధకమై. దానికి టైమర్ ఉన్న వాల్వు తెప్పించమని రాసిచ్చి వచ్చాను.